నాయిన ఫోన్‌లో 'అలౌ' నొక్కిన వేలు మనదే

దసరాకు ఊరికి పోయేటప్పుడు సూట్‌కేసులో చాక్లెట్లు, విటమిన్ గోలీల పక్కన కొత్త ఫోను ఒకటి తప్పనిసరి. శంషాబాద్‌లో దిగి జడ్చర్ల మీదుగా పాలమూరు పోయినా, నార్కట్‌పల్లి దగ్గర మళ్ళి నల్లగొండ చేరినా రెండో రోజు పొద్దున జరిగే పని ఒకటే. నాయిన పక్కన కూర్చొని పాత ఫోన్ల నంబర్లు కొత్తదాంట్లకు ఎక్కించడం, వాట్సాప్, యూట్యూబ్, యూపీఐ యాప్, వాన కబురు చెప్పే యాప్ ఒకటి, మనవలు వస్తే ఆడుకోవడానికి రెండు ఆటలు దించడం. ప్రతి యాపూ ఏదో ఒకటి అడుగుతుంది. "అన్నిటికీ అలౌ కొట్టు నాయినా, లేకుంటే నడువది" అని చెప్పేది మనమే. చాలాసార్లు చెప్పేంత ఓపిక కూడా ఉండదు, ఫోను లాక్కొని మనమే టకటకా కొట్టేస్తాం. పది రోజులకు మనం విమానం ఎక్కుతాం. ఆ అనుమతులు మాత్రం ఊళ్ళోనే ఉండిపోతాయి.

పెద్దవాళ్ళకు ఫోను వాడటం రాదు, అందుకే వాళ్ళ వివరాలు బజారున పడుతున్నాయి అనే మాట అమెరికాలో మనం పెట్టుకున్న సంఘాల మీటింగుల్లో తరచుగా వినపడుతుంది. అది వాళ్ళ మీదికి నెట్టేసే మాట. ఆ ఫోన్‌లో ఏ యాప్ ఏం చూడొచ్చో తేల్చింది వాళ్ళు కాదు.

"మనకేముంది దాచుకోవడానికి?" అనేవాళ్ళకు అడ్తి లెక్కన, అంటే మార్కెట్‌లో దళారి చేసే బేరం లెక్కన చెప్తే తొందరగా ఎక్కుతుంది. నల్లగొండ బత్తాయి రైతుకు అడ్తి సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. కాయ ఒకరిది, బేరం ఇంకొకరిది, తన కాయ చివరికి ఏ ఊళ్ళో ఎంతకు అమ్ముడుపోయిందో రైతుకు తెలియదు. ఫోన్‌లో జరిగేదీ అదే. యాప్ తయారుచేసేవాడు కోడ్ మొత్తం తానే రాయడు. యాడ్లు చూపడానికి ఒకటి, ఎంతమంది తెరిచారో లెక్కపెట్టడానికి ఒకటి, ఇట్లా బయటి కంపెనీల రెడీమేడ్ ముక్కలు తెచ్చి అతికిస్తాడు. వాటిని ఎస్‌డీకేలంటారు. అసలు తిరకాసు ఇక్కడుంది: ఆండ్రాయిడ్‌లో అనుమతి ఇచ్చేది యాప్‌కు. దాని కడుపులో ఉన్న ఎస్‌డీకేలకు వేరే అనుమతి అక్కరలేదు. వాన కబురు కోసం లొకేషన్ ఇస్తే, అందులో కూర్చున్న నాలుగు యాడ్ కంపెనీలకూ ఇచ్చినట్టే. ఇక ఇంటర్నెట్ వాడుకుంటానని ఏ యాపూ మిమ్మల్ని అడగదు, ఆ అనుమతి దించుకున్నప్పుడే దొరుకుతుంది.

ఈ ముక్కలు పంపే సరుకులో ముఖ్యమైనది అడ్వర్టైజింగ్ ఐడీ. ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌కూ అంకెలు, అక్షరాలు కలిపి 32 గుర్తులతో ఒక నంబర్ ఉంటుంది. ఆటలో ఉన్న ఎస్‌డీకే చూసేదీ, వాతావరణం యాప్‌లో ఉన్నది చూసేదీ అదే నంబర్ కాబట్టి రెండు చోట్ల పోగైన సమాచారం, దాన్ని కొని అమ్మే దళారి కంపెనీ దగ్గర ఒకే ఖాతాలో పడుతుంది. దానికి లొకేషన్, టైము, ఫోన్ మోడల్, ఐపీ అడ్రస్ (నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తుపట్టే నంబర్) తోడవుతాయి. "పేరు తీసేసే అమ్ముతున్నాం" అని కంపెనీలు అంటాయి. రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా ఫోను కదలకుండా ఉన్న చోటు ఇల్లు కాక ఇంకేమవుతుంది? ఒక యూరప్ దేశంలో 15 లక్షల మంది మొబైల్ రికార్డులు పరిశీలించి 2013లో పరిశోధకులు తేల్చిన విషయం ఏమిటంటే, ఒక మనిషి ఏ టైముకు ఎక్కడున్నాడో నాలుగు సార్లు తెలిస్తే చాలు, 95 శాతం మందిని ఆ గుంపులో విడిగా గుర్తుపట్టొచ్చు. దేవరకొండలో ఇల్లున్న ఒకరి ఫోను వారానికి మూడు రోజులు నల్లగొండలో డయాలసిస్ జరిగే ఆసుపత్రి దగ్గర నాలుగేసి గంటలు ఆగిందనుకోండి, జబ్బేమిటో ఎవరూ నోరు తెరిచి చెప్పక్కరలేదు.

ఇది ఊహ కాదు. బెంగళూరులో ఎదిగిన యాడ్ కంపెనీ ఇన్‌మోబి మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు పెట్టి 9.5 లక్షల డాలర్లు కట్టించింది. లొకేషన్ వద్దన్నవాళ్ళ ఫోన్ల నుంచి కూడా చుట్టుపక్కల ఉన్న వై-ఫై డబ్బాల గుర్తులు చదివి, ఏ గుర్తు ఎక్కడుంటుందో తమ దగ్గరున్న పటంతో సరిచూసి, మనిషి ఎక్కడున్నాడో లెక్కగట్టారన్నది ఆరోపణ. 2024 జనవరిలో ఎక్స్-మోడ్ అనే లొకేషన్ దళారి ఆసుపత్రులు, ప్రార్థనా స్థలాల వంటి చోట్లకు ఎవరు పోయివచ్చారో తెలిపే సమాచారం అమ్మకుండా అదే కమిషన్ ఆంక్ష పెట్టింది. గూగుల్ సంగతి చూడండి. 2022 నవంబర్‌లో 40 రాష్ట్రాలకు 39.15 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. లొకేషన్ హిస్టరీ ఆపేసినా, వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ అనే ఇంకో మీట ఆన్‌లో ఉంటే లొకేషన్ నమోదవుతూనే ఉండటం ఆ గొడవకు మూలం.

మధ్యలో ఒక మాట. "డ్రిప్ పైపుల గురించి మాట్లాడుకున్నామో లేదో, వెంటనే యాడ్ వచ్చింది, ఫోను మన మాటలు వింటుంది" అని చాలామంది గట్టిగా నమ్ముతారు. అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీవాళ్ళు 17 వేల పైచిలుకు ఆండ్రాయిడ్ యాప్‌లు పరీక్షించి 2018లో చెప్పింది వేరు: మైకు దొంగచాటుగా తెరిచినట్టు ఆధారం దొరకలేదు, స్క్రీన్ మీద జరిగేదాన్ని వీడియో తీసి బయటి కంపెనీకి పంపిన యాప్ మాత్రం దొరికింది. పైపుల యాడ్‌కు మామూలు కారణాలు చాలు. ఇంట్లో ఒకే వై-ఫై మీద ఉన్న తమ్ముడు పొద్దున పైపుల ధర వెతికి ఉంటాడు, బయటికి రెండు ఫోన్లదీ ఒకే ఐపీ అడ్రస్. వినకుండానే ఇంత తెలుస్తోందంటే అది ఇంకా ఇబ్బంది పెట్టాల్సిన సంగతి.

లొకేషన్ కంటే మాకు ఎక్కువ ఆందోళన కాంటాక్టుల మీద. లొకేషన్ ఇస్తే పోయేది ఇచ్చినవాడిది. కాంటాక్టులు ఇస్తే ఊరందరిదీ పోతుంది. అమ్మ ఫోన్‌లో నంబర్లు ఎట్లా ఉంటాయో యాది చేసుకోండి: 'పెద్దోడు డాలస్', 'కోడలు కొత్త నంబర్', 'షుగర్ డాక్టర్', 'చిట్టీల అక్క'. పేరులోనే బంధుత్వం, దేశం, జబ్బు, అప్పు అన్నీ ఉన్నాయి. ఎవరు ఫోన్ చేస్తున్నారో పేరు చూపించే యాప్‌కు ఆ లిస్టు అందితే, డాలస్‌లో ఉన్న పెద్దోడు ఎన్ని సెట్టింగులు బిగించుకున్నా లాభం లేదు. అతని నంబర్, అతని చుట్టరికం మిర్యాలగూడ నుంచి ఎక్కిపోయాయి.

దీని చెడు ఎంత దూరం పోతుందో తెలంగాణ ఇప్పటికే చూసింది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. ఐదువేల అప్పు కోసం కాంటాక్టుల్లో ఉన్న వియ్యంకుడికీ, స్కూలు టీచరుకూ మెసేజ్‌లు పెట్టడమే వాళ్ళ వసూలు పద్ధతి. ఆ తర్వాత 2022 సెప్టెంబర్ 2న రిజర్వ్ బ్యాంకు నియమాలు తెచ్చింది: అప్పిచ్చే యాప్ కాంటాక్టులు, కాల్ లాగ్, ఫొటోలు ముట్టుకోకూడదు, కేవైసీ కోసం కెమెరా, మైకు, లొకేషన్ ఒక్కసారి, అదీ అడిగి తీసుకోవాలి. కాబట్టి అప్పు యాప్ ఏదైనా కాంటాక్టులు అడిగిందంటే ఇంకో ఆలోచన అక్కరలేదు, తీసేయండి. వేధింపు మొదలైతే 1930కి ఫోను చేయాలి.

ఇక ఊళ్ళో ఉన్నప్పుడు చేయాల్సింది. ఒక గంట చాలు, కానీ నాయిన పక్కన కూర్చుని, ఆయన చూస్తుండగా చేయాలి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో ప్రైవసీ డాష్‌బోర్డ్ తెరవండి. ఆండ్రాయిడ్ 12 నుంచి ఇది ఉంది. గత 24 గంటల్లో ఏ యాప్ లొకేషన్, మైకు, కెమెరా ఎన్ని గంటలకు వాడిందో చూపిస్తుంది, 13 నుంచి ఏడు రోజులదీ చూడొచ్చు. అర్ధరాత్రి రెండింటికి వాతావరణం యాప్ లొకేషన్ తీసుకున్నట్టు కనపడితే మీరు ఉపన్యాసం ఇవ్వాల్సిన పని ఉండదు, ఆయనే "ఇది తీసెయ్" అంటారు. తర్వాత లొకేషన్ అనుమతుల్లోకి పోయి 'ఆల్ ది టైమ్' కింద ఉన్నవాటిని ఒక్కొక్కటే దించాలి. ఫోను పోతే వెతికే సర్వీసుకు తప్ప ఆ హక్కు ఎవరికీ అక్కరలేదు. ఆటో, క్యాబ్ యాప్‌లకు 'వాడుతున్నప్పుడు మాత్రమే' సరిపోతుంది. వాన కబురుకు 'ప్రిసైస్' అనే మీట కూడా తీసేయండి. అప్పుడు యాప్‌కు తెలిసేది సుమారు మూడు చదరపు కిలోమీటర్ల మేర. గడియారం సెంటర్‌లో వాన పడుతుందో లేదో చెప్పడానికి మన వాకిలి దాకా రానక్కరలేదు కదా. లొకేషన్ సర్వీసెస్ కింద వై-ఫై స్కానింగ్, బ్లూటూత్ స్కానింగ్ అని రెండుంటాయి. వై-ఫై, బ్లూటూత్ ఆపేసినా చుట్టూ ఉన్న వై-ఫై డబ్బాలను, బ్లూటూత్ పరికరాలను వెతికేవి ఇవే, రెండూ ఆపేయండి.

తర్వాత గూగుల్ సెట్టింగుల్లో యాడ్స్ అన్న చోట 'డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ' నొక్కండి. అప్పటి నుంచి అడిగిన యాప్‌కు వరుసగా సున్నాలే దొరుకుతాయి. యాడ్లు ఆగవు, రావడం వస్తాయి, పాత ఖాతాలో కొత్త పద్దు పడటం కష్టమవుతుంది అంతే. అక్కడే గూగుల్ ఖాతాలో వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ కూడా ఆపండి. లాక్ స్క్రీన్ మీద వార్తలు, బొమ్మలు తోసే గ్లాన్స్ ఉంటే లాక్ స్క్రీన్ సెట్టింగుల్లో ఆపొచ్చు. అదీ ఇన్‌మోబి గ్రూపుదే. ఐఫోన్ అయితే పని చిన్నది: ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో ట్రాకింగ్ తెరిచి, యాప్‌లు అడగడానికి ఇచ్చే అనుమతినే తీసేయాలి. కాంటాక్టులు అడిగే యాప్‌కు ఐఓఎస్ 18 నుంచి మనకు కావాల్సిన నంబర్లు మాత్రమే ఎంచి ఇవ్వొచ్చు.

వాడని యాప్‌ను ఊరికే తీసేస్తే ఫోన్‌లోంచి పోతుంది, కంపెనీ దగ్గరున్నది పోదు. ముందు యాప్‌లోనే ఖాతా డిలీట్ చేసి, ఆ తర్వాత యాప్ తీయాలి. ఖాతా తెరిపించే యాప్ దాన్ని మూసే దారి కూడా చూపాలని ఆపిల్ 2022 నుంచి, ఆ తర్వాత గూగుల్ పట్టుబడుతున్నాయి.

అతి కూడా పనికిరాదు. ఊపులో అన్నీ మూసేస్తే ఏమవుతుందంటే, ఎస్సెమ్మెస్, ఫోన్ అనుమతి లేక యూపీఐలో సిమ్ సరిచూసే మెట్టు దాటదు, కిరాణం దుకాణంలో పైసలు కొట్టలేక నాయిన ఇబ్బంది పడతారు. వాట్సాప్‌కు బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆపితే మెసేజ్‌లు యాప్ తెరిస్తే గానీ రావు, "నువ్వు పెట్టిన ఫొటో రాలేదు" అని రాత్రిపూట కాల్ వస్తుంది. ఆ కత్తెర ఆటలకు, టార్చికి, వాల్‌పేపర్ యాప్‌లకు వేస్తే చాలు. మన వివరాలు పోగుచేసే ట్రాకర్లను ఆపే ప్రైవేట్ డీఎన్ఎస్ అనే సెట్టింగు మంచిదే, కానీ అడ్రస్‌లో ఒక్క అక్షరం తప్పినా ఫోన్‌లో నెట్ మొత్తం ఆగిపోతుంది. పక్కన సరిచేసే పిల్లలు లేని ఇంట్లో అది పెట్టొద్దనే మా సలహా.

ఇవన్నీ చేసినా పూర్తి కాపలా కాదు. 2025 జూన్‌లో యూరప్ పరిశోధకులు ఒకటి బయటపెట్టారు. ఆండ్రాయిడ్‌లో మెటా కంపెనీవైన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లు ఫోన్ లోపలి పోర్టుల (యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారుల) మీద చెవి పెట్టి కూర్చుంటే, బ్రౌజర్‌లో తెరిచిన సైట్లలోని మెటా పిక్సెల్ అనే కోడ్ ముక్క తన కుకీని, అంటే బ్రౌజర్‌లో దాచిన గుర్తును అక్కడికి చేరవేసింది. చూసినవి దాచుకోని ఇన్‌కాగ్నిటో కిటికీలో చూసినా ఆ చూసినవారెవరో యాప్‌కు తెలిసిపోయేది. సంగతి బయటపడగానే మెటా ఆపేసింది. ఏ అనుమతి తెర మీదా దాన్ని ఆపే మీట లేదు. కుదిరినచోట యాప్ బదులు బ్రౌజర్‌లోనే సైటు తెరవండి అనడానికి కారణాలు ఇట్లాంటివే.

చట్టం సంగతి. భారత డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది, నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది ఆ తర్వాత 18 నెలలకు. డేటాను సరిగా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా. వినడానికి బాగుంది. కానీ ఆ జరిమానా కేంద్ర ఖజానాకు పోతుంది, వివరాలు పోగొట్టుకున్న మనిషికి నయాపైసా రాదు. పైగా పరిహారం అడిగే వీలిచ్చే ఐటీ చట్టం 43ఏ సెక్షన్‌ను తీసేసే మాట కూడా ఇదే చట్టంలో ఉంది. ఇది అన్యాయమని మా అభిప్రాయం, ఊరి బాగు కోసం ప్రతినిధులను కలిసే మన సంఘాలు రోడ్ల పక్కన ఈ మాటనూ పెట్టాలి. అమెరికాలో దేశమంతటికీ ఒకే గోప్యతా చట్టం ఇప్పటికీ లేదు. కాలిఫోర్నియాలో 2020 నుంచి, టెక్సస్‌లో 2024 జూలై నుంచి సొంత చట్టాలున్నాయి. మీ రాష్ట్రంలో ఉంటే, దళారులకు 'అమ్మొద్దు' అని చెప్పే హక్కు మీది.

ముందు మన ఇల్లు. బతుకమ్మ పండుగ రిజిస్ట్రేషన్‌కు సంఘాలు పంపే ఫారంలో భార్యాభర్తల పుట్టిన తేదీలు, పిల్లల వయసు, ఇంటి అడ్రస్, ఊళ్ళో అమ్మానాన్నల నంబర్ ఎందుకు? ప్లేట్ల లెక్కకు ఎంతమంది వస్తున్నారో తెలిస్తే చాలు. నింపిన లిస్టు స్పాన్సర్ రియల్ ఎస్టేట్ కంపెనీకి పోయిందో లేదో, శంషాబాద్ చుట్టూ ప్లాట్లున్నాయని వచ్చే కాల్స్‌ను బట్టి సభ్యులు ఊహించుకోవాల్సి రావడం బాగాలేదు. ఈసారి లింకు పంపేటప్పుడు, ఈ వివరాలు ఎవరి చేతిలో ఉంటాయి, పండుగ అయ్యాక ఏ తేదీకి తుడిచేస్తారు అన్న రెండు ముక్కలు ఫారం పైనే రాయాలని కార్యవర్గాన్ని అడుగుతున్నాం.