వేజలీన్ రాస్తే బీడింగ్‌కు రంగు అంటదట!

చెన్నైలో కారున్న తెలుగువాళ్ళందరికీ ఈ మధ్య ఒకే సందేశం అందుతున్నట్టుంది. అన్నానగర్ బంధువులు పంపారు, వేళచ్చేరి మిత్రులు పంపారు, మా అపార్ట్‌మెంటులోని ఇద్దరు పెద్దలు ఒకరి తరువాత ఒకరు పంపి, పైగా నా అభిప్రాయం అడిగారు. రంగు వేసే షాపులను నమ్మవద్దని, డోరుకూ బంపరుకూ ఇంట్లోనే స్ప్రే రంగు కొట్టుకోమని ప్రోత్సహించే ఆ సందేశంలో అయిదు చిట్కాలున్నాయి: డోరు అంచుల వెంట ఉండే రబ్బరు పట్టీకి, అంటే బీడింగ్‌కు, మాస్కింగ్ టేపు (రంగు పడకూడని చోట అంటించే టేపు) బదులు వేజలీన్ పూయాలి, మిగతా చోట్ల పాత పేపరు, సెల్లో టేపు చాలు, రబ్బరు మీద రంగు పడితే పెట్రోలు గుడ్డతో తుడవాలి, టేపును మర్నాడు, రంగు గట్టిపడ్డాకే తీయాలి, పని మిట్టమధ్యాహ్నం మేడ మీద పెట్టుకోవాలి.

మిట్టమధ్యాహ్నం సంగతి ముందు తేల్చేద్దాం. మే నెల ఎండలో చేయి పెట్టలేనంతగా కాలే రేకు మీదికి చేరేలోగానే తుంపర సగం ఆరి, గరుకుగా పడుతుంది. ఎంత వేడిలో కొట్టవచ్చో డబ్బా మీదే రాసి ఉంటుంది. ఇక మేడ మీద గాలికి ఆ తుంపర పక్కింటివారు ఆరేసిన చీరల దాకా వెళ్తుందన్న విషయం పక్కింటివారే చెబుతారు.

పేపరు విషయంలో అభ్యంతరం తక్కువే. అంచుకు దూరంగా రెండు మడతలుగా వేస్తే పనికొస్తుంది. ఒక్క పొరైతే థిన్నర్ దిగి, అచ్చు సిరా కింది రంగుకు అంటుకుంటుంది. సెల్లో టేపు మాత్రం వంపుల్లో ఒదగదు, తీశాక జిగురును వదిలిపోతుంది.

అసలు ప్రమాదం వేజలీన్. ఇళ్ళకు ఎనామిల్ వేసేవారు కిటికీ అద్దానికీ, తలుపు బందులకూ దీన్ని పూయడం ఉన్నదే, అక్కడ తప్పు లేదు. ఎందుకంటే ఆ పని కుంచెతో జరుగుతుంది, అద్దం మీది జిడ్డును ఆ తరువాత ఎవరైనా తుడిచేయవచ్చు. కారు డోరు దగ్గర అలా కాదు. రబ్బరూ రేకూ కలిసే సన్నని గీత దగ్గర వేలితో పూసిన జిడ్డు రేకు మీదికి ఎంతో కొంత పాకకుండా ఉండదు; జిడ్డున్న చోట తడి రంగు పరుచుకోలేక చుట్టూ ముడుచుకుని, గుండుసూది తలంత గుంటలు పడతాయి. పైకి బాగానే కనిపించిన చోట కూడా రంగుకు పట్టు దొరకదు కనుక, బీడింగ్ పక్కన వాన నీరు నిలిచే ఆ అంచునే మొదట పొర లేస్తుంది. అదే వేలితో రేకును నునుపు చేసే వాటర్ పేపర్ పట్టుకుంటారు, అదే గుడ్డతో డోరంతా తుడుస్తారు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టినవారికి ఆపై ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు. చివరికి బీడింగ్ మీద జిడ్డుతో కలిసి ముద్దయిన రంగును తుడవబోయి, దాన్ని కొత్త రంగు మీదే పులుముతారు. టేపు ఖర్చు మిగిలింది కదా, సంతోషం!

పెట్రోలు చిట్కా రాసినవారు బీడింగ్ దేనితో తయారవుతుందో ఒక్కసారి తెలుసుకోవలసింది. నేటి కార్ల డోరు బీడింగ్ ఎక్కువగా ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు. ఎండకూ, వానకూ, ఓజోనుకూ ఏళ్ళ తరబడి తట్టుకునే ఆ రబ్బరు పెట్రోలియం నూనెలకు మాత్రం తట్టుకోదు. ఉబ్బుతుంది, మెత్తబడి పట్టు వదులుతుంది. వేజలీన్ కూడా పెట్రోలియం సరుకే, కాబట్టి ఈ సందేశం రబ్బరును కాపాడే పేరుతో దానికి రెండుసార్లు హాని చేయమంటోంది. పైగా పెట్రోలు ఆవిరి సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకోగలదు. స్ప్రే డబ్బా వాయువు కమ్ముకున్న చోట ఆ గుడ్డను తిప్పమని సలహా ఇచ్చిన మహానుభావుడు తన ఇంట్లో ఆ పని చేసి ఉండడని ఆశిస్తున్నాను. రబ్బరుకు హాని చేయనిది కావాలంటే ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఉంది. పడిన రంగు మొత్తం రాకపోవచ్చు, కానీ బీడింగ్ మిగులుతుంది.

టేపును మర్నాడు తీస్తే, టేపు మీదా రేకు మీదా ఒకే పొరగా గట్టిపడిన రంగు అంచులో చిట్లుతుంది. చివరి పూత కాస్త బిగుస్తూ, ఇంకా పూర్తిగా ఆరకముందే, టేపును దాని మీదికే మడుస్తూ మెల్లగా లాగాలి.

బీడింగ్‌ను ఊడదీయడమే అన్నిటికన్నా మంచి మార్గం. డోరు చుట్టూ గట్టు మీద నొక్కి బిగించే రకం చేత్తోనే వస్తుంది. ఊడిరాని బీడింగ్ అయితే, రేకును తాకే దాని పెదవి కిందికి నున్నని సన్నని ప్లాస్టిక్ తాడును దూర్చి, అది కాస్త పైకి లేచాక టేపు వేస్తే, రంగు పెదవి కిందిదాకా వెళ్ళి, అంచు కంటికి కనబడదు. ఇదే పనికి గట్టి ప్లాస్టిక్ పట్టీ ఉన్న టేపు కూడా దొరుకుతుంది. జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాల్లో విచారించవచ్చు. ఎండి పగుళ్ళు పట్టిన బీడింగ్‌కు ఇంత సేవ అనవసరం. తీసి పారేసి, రంగు పూర్తిగా ఆరాక కొత్తది వేసుకోవాలి.

ఒక్క మాట ఒప్పుకోవాలి. షాపుల మీద ఆ సందేశానికున్న అనుమానం అబద్ధం కాదు. తొందర పనిలో బీడింగ్ తీయకుండా దాని మీదే టేపు చుట్టి కొట్టే షాపులు చాలానే ఉన్నాయి, అలాంటి చోట డబ్బిచ్చినా ఆ గీత వెంట రంగు లేస్తుంది. బండి అప్పగించే ముందు బీడింగ్ తీసి కొడతారా అని అడగండి. సమాధానం నసిగితే, ఓపికున్నవారు ఇంట్లో చేసుకోవడమే నయం.