నంబరు చెప్పి మరీ తిట్టే యంత్రం

నా దగ్గర మూడు కిలోల ల్యాప్‌టాప్ ఒకటుంది. ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాలతాయి, బల్ల మీద పెడితే బల్ల వేడెక్కుతుంది. దాని పక్కన టెలిఫోన్ వైరు దూర్చే చిన్న కన్నం ఉంటుంది. మా అన్నయ్య కొడుకు దాన్ని వేలితో తడిమి, "ఇది ఏ ఛార్జర్‌ది బాబాయ్?" అన్నాడు. అది మోడెం. ల్యాప్‌టాప్‌లోని అంకెల్ని ఈలలుగా మార్చి ఫోన్ లైన్లోకి ఊదుతుంది, అటునుంచి వచ్చిన ఈలల్ని మళ్లీ అంకెలు చేస్తుంది. మాడ్యులేట్, డీమాడ్యులేట్ అని పేరులోనే రెండు పనులూ ఉన్నాయి.

గత ఆదివారం ఆ కన్నం గుండా ఇంటర్నెట్‌లోకి వెళ్లాలని నిశ్చయించుకున్నాను. ఏఓఎల్ అంతటి అమెరికా ఇంటర్నెట్ సంస్థ తన డయల్-అప్ సేవను, అంటే ఫోన్ లైన్ మీద నంబరు కొట్టి ఇంటర్నెట్‌లోకి వెళ్లే ఏర్పాటును, 2025 సెప్టెంబరు 30న ఆపేసింది. ఇలాంటి సమయంలో బాధ్యత గల పౌరుడు చేతులు కట్టుకుని కూర్చోకూడదు. ఇంకా డయల్-అప్ నంబరు నడుపుతున్న సంస్థ ఒకటి దొరికింది, ఖాతా తెరిచాను.

ఇంట్లో ఫైబర్ నెట్ ఉండగా ఈ తంటా ఎందుకంటారా? ఫైబర్ నెట్ నన్ను మనిషిగా చూడటం లేదు. అది ఆగిపోయినప్పుడు తెర మీద ఓ బొమ్మ ప్రత్యక్షమై, "అయ్యో, ఏదో పొరపాటు జరిగింది" అంటుంది. ఏదో అంటే ఏది? ఎవరి పొరపాటు? నాదా, నీదా? జవాబుండదు. డయల్-అప్ అలా కాదు. లైన్లో టోన్ లేకపోతే 680. అవతలివాడు పలకకపోతే 678. లైను బిజీగా ఉంటే 676. యూజర్ నేమో, పాస్‌వర్డో తప్పయితే 691. రెండింట్లో ఏది తప్పో మాత్రం చెప్పదు, ఆ మాత్రం గుట్టు ఎవరికైనా ఉండాలి. ఇలా నంబరు వేసి మరీ తిట్టే యంత్రం దగ్గర ఒక మర్యాద ఉంటుంది. తిట్టు తిన్నవాడు కనీసం దేనికి తిన్నాడో తెలుసుకుని నిద్రపోతాడు.

అయితే నా యంత్రం మొదట తిట్టడానికి కూడా ఒప్పుకోలేదు. కంప్యూటర్లో ఏయే భాగాలున్నాయో చూపే డివైజ్ మేనేజర్లో మోడెం అన్న మాటే లేదు, దాని స్థానంలో పసుపుపచ్చ ప్రశ్నార్థకం ఒకటి కూర్చుని ఉంది. పాత ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఉన్నది సగం మోడెమే. తయారీ ఖర్చు తగ్గించుకోవడానికి అసలు పనంతా ప్రాసెసర్‌కి, డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్‌కి అప్పగించారు. విన్‌మోడెం అనేవారు. విండోస్ ఉంటేనే పలికేది, లైనక్స్ వాళ్లు దాన్ని మాట్లాడించడానికి పడని పాట్లు లేవు. నేను ఎప్పుడో విండోస్ ఎక్స్‌పీ మళ్లీ ఎక్కించినప్పుడు ఆ డ్రైవర్ కాస్తా పోయింది. డ్రైవర్ కోసం ఇంటర్నెట్‌లో వెతకమంటారా అని విజార్డ్ వినయంగా అడిగింది. ఇంటర్నెట్ ఉంటే నిన్నెందుకు కదిలిస్తాను నాయనా!

మా వాడు తన ఫోన్లో రెండు సెకన్లలో ఆ డ్రైవర్ దించి, పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చాడు. "ఇంటర్నెట్ వచ్చేసింది కదా బాబాయ్, ఇంక ఇది దేనికి?" అన్నాడు. సిద్ధాంతం తెలియని పిల్లలతో వాదన పెట్టుకోకూడదు.

డ్రైవర్ ఎక్కాక మోడెం ఉందో లేదో తెలుసుకునే పద్ధతి ఒకటుంది, నాకు భలే ఇష్టం. నల్లటి టెర్మినల్ తెర తెరిచి 'ఏటీ' అని రెండక్షరాలు కొట్టాలి. అటెన్షన్ అన్న మాటకి పొట్టి పేరు. 1981లో హేస్ స్మార్ట్‌మోడెంతో వచ్చిన మర్యాద ఇది, అప్పటి దాని వేగం సెకనుకి 300 బిట్లు. తర్వాత వచ్చిన మోడెంలు దాదాపు అన్నీ ఇదే భాష నేర్చుకున్నాయి. ఏటీ అన్నాను. కింది గీతలో 'ఓకే' అని వచ్చింది. అంతే. నా మాటకి ఈ ఇంట్లో అంత తొందరగా ఓకే పలికి ఎన్నేళ్లయిందో!

ఆ ఊపులో డయల్ చేశాను. 680. టోన్ లేదట. వైరు పీకాను, ఊదాను, పెట్టాను. 680. వేరే వైరు పెట్టాను. 680. అరగంట గడిచాక మావాడు వంగి చూసి, "బాబాయ్, రెండు కన్నాలున్నాయి" అన్నాడు. నిజమే. నేను ఫోన్ పిన్నుని లాన్ కేబుల్ కన్నంలో దూర్చాను. ఆ కన్నం వెడల్పు, పిన్ను సన్నం, అయినా చక్కగా దూరుతుంది, పైగా 'టిక్' అని నమ్మకం కూడా కలిగిస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టినవాడిని పట్టుకుని విచారించాలని ఈ వ్యాసం ద్వారా గట్టిగా కోరుతున్నాను.

సరైన కన్నంలో పెట్టాక కూడా 680 వదలలేదు. రిసీవర్ ఎత్తి వింటే టోన్ ఉంది, కానీ ఏకబిగిన కాకుండా నత్తి వచ్చినట్టు తెగి తెగి వస్తోంది. వాయిస్ మెయిల్లో ఎవరో సందేశం వదిలితే కొన్ని లైన్లలో టోన్ అలా నత్తిగా మారుతుంది. మనిషైతే సర్దుకుపోతాడు, మోడెం మాత్రం దాన్ని టోన్‌గా గుర్తించదు. సందేశం ఏమిటా అని విన్నాను. ఫైబర్ కంపెనీవాళ్లు. మా ఇంటర్నెట్ సేవతో మీరు ఎంత సంతృప్తిగా ఉన్నారో పదికి మార్కులు వేయండి అని. వాళ్లు ఇంకో సందేశం వదలరన్న నమ్మకం లేదు. అందుకని మోడెం సెట్టింగుల్లో 'డయల్ టోన్ కోసం ఆగు' అన్నచోట టిక్కు తీసేశాను. ఇక టోన్ ఉన్నా లేకపోయినా కళ్లు మూసుకుని నంబర్లు కొట్టేస్తుంది. ఈ టిక్కు సంగతి గుర్తుంచుకోండి.

ఈసారి డయల్ అయింది. అవతల మోడెం ఎత్తి 2100 హెర్ట్జ్ ఈల వేసింది, మనది బదులిచ్చింది, తర్వాత ఇద్దరూ కలిసి రేకుల డబ్బాలో కంకర పోసి ఊపినట్టు చప్పుడు చేశారు. జనం ఆ చప్పుడు విని నవ్వుతారు గానీ, అప్పుడు జరుగుతున్నది చాలా గంభీరమైన వ్యవహారం. లైన్లో ఎంత గరగర ఉందో ఇద్దరూ కొలుచుకుని, ఎంత వేగం మోయగలమో ఒప్పందానికి వస్తారు. నా వాళ్లకి కుదరలేదు. చప్పుడు ఆగి 678 వచ్చింది.

కారణం తెలిశాక కాసేపు కుర్చీలో వెనక్కి వాలి ఉండిపోయాను. మా ఇంటి ఫోను కూడా ఇప్పుడు ఫైబర్ డబ్బాలోంచే వస్తుంది. అంటే నా మోడెం ఇంటర్నెట్‌కి చేరడానికి వేసే ఈలల్ని ఆ డబ్బా పొట్లాలు కట్టి ఇంటర్నెట్‌లోనే పంపిస్తోంది. మాటల కోసం చేసిన ఏర్పాటు అది. దారిలో ఒక పొట్లం జారిపోతే మనిషి పట్టించుకోడు, మోడెం మాత్రం ప్రాణం పోయినంత గోల చేస్తుంది. 1998 నాటి వి.90 పద్ధతిలో 56 కిలోబిట్ల వేగం రావాలంటే అవతలి సంస్థ నుంచి మన ఎక్స్ఛేంజ్ దాకా సిగ్నల్ చెక్కుచెదరకుండా డిజిటల్‌గా రావాలి. ఇక్కడ దానికి దిక్కు లేదు. కాబట్టి మోడెంకి వి.90 మాట ఎత్తొద్దని, పాతదైన వి.34కి దిగమని చెప్పాను. ఆశలు తగ్గించుకున్నవాడికి పనులు అవుతాయంటారు. నాలుగో ప్రయత్నానికి అయింది. కింద మూలన చిన్న కిటికీ: 26.4 కేబీపీఎస్.

నేను లేచి నిలబడ్డాను. మావాడు ఫోన్లోంచి తలెత్తలేదు.

ఏ పేజీ కొట్టినా సర్టిఫికెట్, అంటే ఇది అసలు సైటేనని చూపే గుర్తింపు పత్రం, ఇంకా చెల్లుబాటులోకి రాలేదని ఒకటే పాట. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, గడియారం 2001 జనవరి 1 దగ్గర కూర్చుంది. దాని లెక్కలో ఈ వెబ్‌సైట్లన్నీ ఇంకా పుట్టలేదు. తేదీ సరిచేశాను. అప్పుడు ఎదుటివాళ్లే నన్ను పొమ్మన్నారు, నా బ్రౌజర్ మాట్లాడే భద్రత భాషను పెద్ద బ్రౌజర్లన్నీ 2020లోనే వదిలేశాయి. చివరికి తాళం గీళం లేని పాత పేజీ ఒకటి తెరుచుకుంది. అందులో చందమామ ఫొటో. రెండు ఎంబీలు. సెకనుకి మూడు కేబీల చొప్పున లెక్కేస్తే పది నిమిషాల పైమాటే.

నల్లటి ఆకాశం పైనుంచి గీత గీతగా దిగుతోంది. నాలుగు నిమిషాలకు చందమామ నెత్తి కనబడింది. చంద్రుణ్ణి ఇంత నిదానంగా చూసి చాలా కాలమైంది. మావాడు కూడా ఫోన్ పక్కన పెట్టి వచ్చి నా వెనక నిలబడ్డాడు. "బాబాయ్, ఆ గుంట వచ్చేదాకా ఉంటాను" అన్నాడు.

అంతలో పక్క గదిలో మా ఆవిడ రిసీవర్ ఎత్తింది.

"హలో... హలో, ఎవరండీ?"

చంద్రుడు సగంలో ఆగిపోయాడు. లైన్ తెగగానే మళ్లీ డయల్ చేసే సదుపాయం ఒకటి ఉంటుంది, దాన్ని నేనే పెట్టాను. మోడెం టోన్ కోసం ఆగలేదు.

"ఏమండీ, ఇందాక ఈల వేశాడు. ఇప్పుడు నా చెవిలో నంబర్లు నొక్కుతున్నాడు!"