ముందు కట్టి, తర్వాత అనుమతా?

అమెరికా ప్రతినిధుల సభ రవాణా సంఘం అప్పటి అధ్యక్షుడు పీటర్ డిఫాజియో, సహచరుడు రిక్ లార్సెన్ కలిసి 2019 నవంబరులో ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) అప్పటి అధిపతి స్టీఫెన్ డిక్సన్‌కు రాసిన లేఖలో ఒక అంకె ఉంది. సుమారు 40. బోయింగ్ 787 రెక్కల మీద పిడుగు నుంచి కాపాడే రాగి రేకును చాలాచోట్ల తీసేసి, ఆ మార్పుకు అనుమతి రాకముందే కట్టేసిన విమానాల సంఖ్య అది. ఎఫ్‌ఏఏ సొంత నిపుణులు వద్దన్నారు. బోయింగ్ అప్పీలు చేసింది. పైవాళ్లు సరేనన్నారు. 346 మందిని బలిగొన్న 737 మ్యాక్స్ ఉదంతంపై విచారణ ఇంకా సాగుతుండగానే ఇదీ బయటపడింది.

రేకు పోతే ఏమవుతుందో తెలియాలి. 787 బరువులో సగం కాంపోజిట్లే, అంటే కార్బన్ ఫైబర్ పొరలను రెసిన్ అనే జిగురుతో అతికించిన పదార్థమే. అల్యూమినియం మీద పిడుగు పడితే కరెంటు తొడుగు వెంట పాకి మరో కొస నుంచి బయటికి పోతుంది. కార్బన్ ఫైబర్ వాహకత వెయ్యి రెట్ల దాకా తక్కువ. పరీక్షల్లో తొలి దెబ్బను 2 లక్షల ఆంపియర్లుగా లెక్కిస్తారు. అందులో కొంత పొరల్లోకి దిగినా రెసిన్ కాలి ఆవిరై పొరలను ఉబ్బించి విడదీస్తుంది. అందుకే రంగు కింద పలుచని రాగి రేకు పరుస్తారు. దెబ్బ తగిలినచోట అది కరిగి, మిగతా కరెంటును పక్కలకు పంచేస్తుంది. రెక్క మధ్యలో నేరుగా పిడుగు పడే అవకాశం తక్కువే. అయినా కొసకో, ఇంజిన్ తొడుగుకో తగిలిన పిడుగుకు దారి ఆ రెక్కే.

ఆ రెక్కే ఇంధన ట్యాంకు కూడా. తొడుగును బిగించే వేలాది లోహపు ఫాస్టెనర్లకు (బోల్టుల వంటివి) తల బయట ఉంటే, కాడ కొస ఇంధన ఆవిరిలో ఉంటుంది. రంధ్రం గోడకూ కాడకూ మధ్య వెంట్రుకవాసి సందు ఉంటే చాలు, కరెంటు అక్కడ దూకి, వేడెక్కిన వాయువు నట్టు వైపు నుంచి రవ్వలతో చిమ్ముతుంది. ఆవిరి అంటుకోవడానికి 0.2 మిల్లీజౌల్ శక్తి సరిపోతుంది. దీన్ని ఆపేందుకే కాడ చుట్టూ రంధ్రంలో బిగుతుగా కూర్చునే గొట్టం, లోపలి కొసకు ఇన్సులేషన్ టోపీ, సీలెంట్, బయట రేకు. ఆ టోపీలను బోయింగ్ అంతకుముందే మానేసింది. తర్వాత రేకు వంతు వచ్చింది.

మిగిలిన రక్షణలే చాలని బోయింగ్, ఎఫ్‌ఏఏ అన్నాయి. అందులో ముఖ్యమైనది ట్యాంకులో ఆక్సిజన్‌ను తగ్గించే నత్రజని వ్యవస్థ. అది చెడిపోయినా కొన్ని రోజుల పాటు విమానం నడపడానికి నిబంధనలే ఒప్పుకుంటాయి! 1963 డిసెంబరు 8న మేరీలాండ్‌లోని ఎల్క్‌టన్ దగ్గర పాన్ యామ్ 707 రెక్క ట్యాంకులో పిడుగుకు ఆవిరి అంటుకుని 81 మంది చనిపోయారు. అది అల్యూమినియం విమానం.

రేకు అవసరమా కాదా అన్న లెక్క నిపుణులు తేల్చుకోవాల్సింది. మా అభ్యంతరం వరస మీద. మన పట్టణాల్లో అనుమతి లేని అంతస్తు లేపేసి, క్రమబద్ధీకరణ పథకం వచ్చేదాకా ఆగి, రుసుం కట్టి సక్రమం చేయించుకోవడం అందరికీ తెలిసిందే. కట్టేసిన గోడ పడగొట్టమనడానికి ఏ అధికారికి చేయి వస్తుంది? 40 విమానాలు నిలబడి ఉన్నాక ‘వద్దు’ అనే మాట ఖరీదు చిన్నది కాదు. ఆ ఖరీదును ఇంజినీరు నెత్తిన పెట్టి అప్పీలుకు వెళ్లడం అడగడం అనిపించుకోదు, ఒత్తిడి చేయడమే. ఈసారి ఇలా చెల్లిపోతే రేపు తయారీదారులంతా ముందు కట్టేస్తారు, తర్వాతే అడుగుతారు. ముందు కట్టిన వాడిదే గెలుపైతే తిరస్కరించే నిపుణుడికి జీతం ఇవ్వడం దేనికి?

ఇది అమెరికా గొడవలే అని ఇక్కడ చేతులు దులుపుకోవడం కుదరదు. తర్వాత 2024లో ఎయిర్ ఇండియాలో కలిసిపోయిన విస్తారా 2018లో 6 డ్రీమ్‌లైనర్లు (787 విమానాలే) ఆర్డరు చేసింది. ఏ విమానం రెక్క మీద రేకు ఉంది, దేని మీద లేదు అని మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగిందా? అడిగితే జవాబును బయటపెట్టాలి. అడగకపోతే ఎఫ్‌ఏఏ ముద్ర చూసి కళ్లు మూసుకున్నట్టే. ఇక డిక్సన్, తమ ఇంజినీర్లు వద్దని రాసిన కాగితాన్నీ, దాన్ని తిప్పికొట్టిన పైఅధికారుల కాగితాన్నీ పక్కపక్కన పెట్టి ప్రతినిధుల సభకు పంపాల్సింది. అనుమతి లేకుండా ఆ 40 రెక్కల జతలు ఫ్యాక్టరీ దాటుతుంటే తమ తనిఖీదారులు ఎక్కడున్నారో కూడా అందులో రాయాల్సింది.