‘ఫోన్ ఉంటే సార్ అక్కర్లేదు’ అనే మెసేజ్‌కు నా జవాబు

ఈ నెలలో ఒకే మెసేజ్ నాకు మూడు వాట్సాప్ గ్రూపుల్లో వచ్చింది. ఒకటి మా ఊరిది, ఒకటి పదో తరగతి తల్లిదండ్రులది, ఇంకోటి మా టీచర్లదే. అందులో ఉన్నది ఇదీ: ‘చదివితే 10 శాతం, వింటే 20, చూస్తే 30, చేస్తే 90 శాతం గుర్తుంటుందని పరిశోధనలు తేల్చాయి. ఇప్పటి పిల్లలు ఫోన్‌తోనే పుట్టారు, వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. డౌట్ వస్తే ఏఐ ఉంది. నెట్ వచ్చాక పల్లె, పట్నం తేడా పోయింది. ఇంకా సార్లు ఎందుకు?’

నేను దేవరకొండ వైపు ఒక సర్కారు బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. పాఠానికి పనికొస్తుందనుకుంటే వెబ్‌లో దొరికే ఏ కొత్త సాధనాన్నైనా క్లాసుకు తెచ్చుకుంటాను. కాబట్టి టెక్నాలజీ అంటే పడక రాస్తున్నది కాదిది.

ముందు ఆ శాతాల సంగతి. 1946లో అమెరికా విద్యావేత్త ఎడ్గర్ డేల్ ఒక శంకువు బొమ్మ ఇచ్చారు. అడుగున స్వయంగా చేసే పనులు, పైకి పోయేకొద్దీ చూసేవి, వినేవి, కొసన మాటలు. ఏ అనుభవం ఎంత నేరుగా ఉంటుందో చూపే బొమ్మ అది. అందులో ఒక్క శాతం కూడా లేదు. అంకెలు తర్వాత ఎవరో అతికించారు. ఏం చదివితే 10 శాతం? ఎన్నాళ్ల తర్వాత అడిగితే? ఏ వయసు పిల్లలకు? ఇవేవీ చెప్పకుండా అన్నీ సరిగ్గా పదుల లెక్కన వచ్చాయంటేనే అనుమానించాలి. బీఎడ్‌లో నేనూ ఈ అంకెలు నోట్సులో రాసుకున్నాను. టీచర్ల గ్రూపులో కూడా ఇది తిరుగుతున్నదంటే బాధగా ఉంది.

ఆ మెసేజ్ వెనకున్న ‘తెర మీద చూస్తే వచ్చేస్తుంది’ అనే నమ్మకం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అసలు పొరపాటు అక్కడే ఉంది. కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ‘ఫెట్’ సిమ్యులేషన్లు ఉన్నాయి, అంటే ప్రయోగాన్ని తెర మీదే చేసి చూసే నమూనాలు. ఉచితం, కొన్ని తెలుగులోనూ దొరుకుతాయి. కరెంటు పాఠానికి అందులోని సర్క్యూట్ కిట్ వాడతాను. బ్యాటరీ, వైర్లు, బల్బులు వేలితో లాగి కలపొచ్చు. వైర్లలో ఎలక్ట్రాన్లు చిన్న నీలి గోళీల్లా కదులుతూ కనిపిస్తాయి.

మొదటి ఏడాది తెర మీద నేరుగా చూపించేశాను. షార్ట్ సర్క్యూట్ చేస్తే బ్యాటరీ మీద మంటలు వస్తాయి కదా, పిల్లలంతా కేకలు, నవ్వులు. మర్నాడు అడిగితే మంటలు తప్ప ఏమీ గుర్తు లేవు.

మరుసటి ఏడాది తెర వేయకముందే బోర్డు మీద రెండు బల్బులు వరుసగా గీసి అడిగాను. ‘రెండూ ఒకే రకం బల్బులు. ఏది ఎక్కువ వెలుగుతుంది?’ సగానికి పైగా చేతులు మొదటి బల్బుకే లేచాయి. ‘మొదటిది కరెంటు తింటది కదా సార్, రెండోదానికి తక్కువ పోతది’ అంది ఒకమ్మాయి. ఆ మాట బోర్డు మీద అట్లాగే రాసి, అప్పుడు తెర వేశాను. బల్బుకు ముందూ వెనుకా గోళీలు ఒకే వేగంతో పోతున్నాయి. రెండు బల్బులూ సమానంగా వెలుగుతున్నాయి. క్లాసంతా నిశ్శబ్దం. ‘గట్లెట్ల సార్?’ అని అదే అమ్మాయి లేచింది. పాఠం అక్కడ మొదలైంది. తర్వాత నిజం సెల్లు, నిజం వైర్లు ఇచ్చాను. వైరు కొస మీద పూత గీకకపోతే బల్బు వెలగదని వాళ్లకు తెలిసింది అప్పుడే. తెర మీద వైరు ఎన్నడూ లూజ్ కాదు.

రెండేళ్లూ తెర మీద చూపింది అదే సిమ్యులేషన్. మారింది దానికి ముందు వేసిన ప్రశ్న, దాని తర్వాత చేయించిన పని.

‘ఫోన్‌తోనే పుట్టిన పిల్లలు’ అనే మాటకు మూలం 2001లో అమెరికా రచయిత మార్క్ ప్రెన్‌స్కీ ప్రచారంలోకి తెచ్చిన ‘డిజిటల్ నేటివ్స్’. మా పిల్లలు రీల్స్ నాకంటే వేగంగా తిప్పుతారు, నిజమే. వెతికినప్పుడు పైన వచ్చింది ప్రకటనా, సమాచారమా అంటే మాత్రం చెప్పలేరు. అది నేర్పాల్సిందే.

ఏఐ సంగతికి వస్తే, మా పదో తరగతి అబ్బాయి ఒక యాప్‌లో 2 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధాలు సమాంతరంగా కలిపితే ఎంత అని తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి అడిగాడు. 5 అని వచ్చింది, చక్కటి వివరణతో సహా. శ్రేణిలో కలిపితే వచ్చే జవాబది. సమాంతరంగా కలిపితే ఉన్నవాటిలో చిన్నదానికంటే కూడా తక్కువ రావాలి. ఇక్కడ 1.2. ఆ సూత్రం మనసులో ఉన్నవాడికే తప్పు కనిపిస్తుంది. లేనివాడు నోట్సులో ఎక్కించుకుంటాడు, వాడు అదే చేశాడు. ఇప్పుడు లెక్క ముందు చేతితో చేయించి, ఆ తర్వాతే యాప్‌ను అడగనిస్తున్నాను. తేడా వస్తే ఎవరిది తప్పో వాళ్లే తేల్చాలి.

ఇక పల్లె, పట్నం తేడా పోయిందన్న మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. కరోనాలో 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్ టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చాయి. టీవీ ఉన్న ఇంట్లో పాఠం సమయానికి పిల్లలు పత్తి చేలో ఉన్నారు. ఇంటికి ఒకటే ఫోన్, అది పొద్దున్నే నాయనతో పోతుంది. అన్నాచెల్లెళ్లు ఉంటే రాత్రి ముందు అన్నకే. పాలమూరు నుంచి పనికి వలస పోయే కుటుంబాల పిల్లలకైతే బడే మారిపోతుంది. పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంది, స్కాన్ చేస్తే ‘దీక్ష’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదికలో వీడియో వస్తుంది. స్కాన్ చేయడానికి ఆ ఫోనే కదా కావాలి!

నెట్ లేని చోట చేయగలిగింది కూడా ఉంది. ఫెట్‌లో కొత్త సిమ్యులేషన్లు ఒక్కోటి ఒకే ఫైలుగా దిగుతాయి, బ్రౌజర్ ఉంటే నెట్ లేకుండా నడుస్తాయి. కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియా మొత్తాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. మా బడిలో ఇవన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. చుట్టుపక్కల బడుల సార్లు, మేడమ్‌లు ఎవరైనా వచ్చి కాపీ చేసుకోవచ్చు. వచ్చేటప్పుడు మీ పిల్లలు కరెంటు గురించి ఏమనుకుంటున్నారో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకుని రండి.