సవరణ: తప్పిపోయిన పెద్దవాళ్ల గురించి ఫిర్యాదుకు 24 గంటలు ఆగక్కర్లేదు

మతిమరుపు ఉన్న పెద్దవాళ్లు ఇంటి నుంచి తప్పిపోతే 24 గంటలు చూసి స్టేషన్‌కు వెళ్లాలని, వాట్సాప్‌లో ఫొటోతోపాటు ఇంటివాళ్ల నంబరు పెట్టాలని మొన్న రాశాం. రెండూ తప్పే.

అలా ఆగాలన్న నిబంధన ఏ చట్టంలోనూ లేదు. గంట గడిచినా చాలు, 100కి గానీ 112కి గానీ ఫోన్ చేసి, దగ్గరి స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యమైతే నష్టం సీసీటీవీ దగ్గర: కొన్ని దుకాణాల్లో నాలుగైదు రోజులకే పాత రికార్డింగ్ చెరిగిపోతుంది. పైగా సిటీ బస్సెక్కిన మనిషి మెహిదీపట్నం నుంచి ఉప్పల్ చేరడానికి పూటంతా అక్కర్లేదు.

ఫిర్యాదులో "తెల్ల చొక్కా" అని వదిలేయకండి. చెప్పుల రకం, పుట్టుమచ్చలు, వాడే మందులు, మాట్లాడే భాష, పాత ఇల్లు ఎక్కడో రాయండి. మతిమరుపు ఉన్నవాళ్లు చాలాసార్లు ఆ పాత ఇంటివైపే నడుస్తారు. ఎఫ్‌ఐఆర్ నమోదైతే దాని కాపీ ఉచితం, అడిగి తీసుకోండి.

వాట్సాప్‌లో పంపే ఫొటో కింద సొంత నంబరు కాకుండా స్టేషన్ నంబరు ఉండాలి. "మీ నాన్నగారు మా దగ్గరే ఉన్నారు, ముందు డబ్బు పంపండి" అనే ఫోన్లు ఇలాంటి చోటే మొదలవుతాయి. జబ్బు పేరు కూడా అందులో వద్దు, పోలీసులకు చెబితే సరిపోతుంది. తేదీ తప్పకుండా వేయండి. మనిషి దొరికాక "దొరికారు" అని అవే గ్రూపుల్లో పెట్టండి.

పిల్లల విషయం వేరు. 2013 సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కూడా చెప్పండి.