సగటు అంకెలకు చిక్కని నీరు

ఒక చెరువులోనో నదిలోనో చేపల రకాలు తగ్గిపోతున్నాయని తెలిసినప్పుడు సాధారణంగా రెండు పనులు జరుగుతాయి. నీటి నమూనా తీసి ప్రయోగశాలకు పంపుతారు, చేపపిల్లలను తెచ్చి వదులుతారు. మొదటి పనిలో నీరు ఒక అంకెగా మారుతుంది, రెండో పనిలో తొట్టిగా మారుతుంది. ఏ నీటిలో ఏ జాతులు కలిసి బతుకుతాయో తేల్చేది సగటు పరిస్థితి కాదనీ, అక్కడ ఎదురయ్యే అతి గడ్డు గంటలూ, గుడ్లు పెట్టే రుతువులో దొరికే కొద్దిపాటి అనుకూలతా అనీ నా అభిప్రాయం.

ఆక్సిజన్‌నే తీసుకుందాం. సముద్రమట్టం వద్ద మంచినీరు 0 డిగ్రీల సెల్సియస్‌లో లీటరుకు సుమారు 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను ఇముడ్చుకోగలదు. 20 డిగ్రీలకు అది 9.1కి, 30 డిగ్రీలకు 7.6కి పడిపోతుంది. నీరు వేడెక్కి ఆక్సిజన్ తగ్గే వేళకే చేప శరీరానికి దాని అవసరం పెరుగుతుంది. ఎరువులూ మురుగూ చేరి నాచు దట్టంగా పెరిగిన చెరువులో మధ్యాహ్నం కొలిస్తే ఆక్సిజన్ పుష్కలంగా కనిపిస్తుంది. ఎండ పోయాక అదే నాచూ, అడుగున కుళ్లుతున్న పదార్థం మీద బతికే బాక్టీరియా రాత్రంతా దాన్ని వాడేసుకోవడంతో తెల్లవారే ముందు అది కనిష్ఠానికి చేరుతుంది. పగటి పూట మాత్రమే తీసిన నమూనాకు ఈ సంగతి ఎన్నటికీ అందదు. కార్యాలయ వేళలకూ చేపల ఊపిరికీ పొత్తు కుదరదు మరి. కొర్రమీను, మార్పు అనే చేప వంటివి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగలవు కనుక ఆ వేకువను దాటుతాయి. మొప్పల మీదే ఆధారపడినవి ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి. వలలో గాలి పీల్చే చేపలే పడుతున్నాయంటే, పరీక్ష పత్రంలో ఏమున్నా, ఆ చెరువు రాత్రులు ఎలా గడుస్తున్నాయో ఊహించవచ్చు.

1981లో అమెరికన్ జీవశాస్త్రవేత్త జేమ్స్ కార్ చేపల సముదాయాన్నే వాగుల ఆరోగ్యానికి కొలమానంగా ప్రతిపాదించడంలోని బలం ఇదే. నమూనా సీసాకు తెలిసింది ఒక్క క్షణం. చేప ఆ నీటిలో అన్ని గంటలూ గడిపింది. అయితే ఒక జాతి కనబడకపోవడానికి అడ్డుకట్టలూ, విపరీతమైన వేటా కూడా కారణం కావచ్చు కాబట్టి చేపల జాబితాను ఒంటరిగా చదివి తీర్పు చెప్పడం తొందరపాటే.

నీరు స్వచ్ఛంగా ఉన్నంత మాత్రాన సరిపోదనడానికి ఆనకట్టల దిగువ నదులు సాక్ష్యం. 1963లో అమెరికాలోని కొలరాడో నదిపై గ్లెన్ కాన్యన్ ఆనకట్ట నీరు నింపుకోవడం మొదలుపెట్టాక, జలాశయం లోతుల నుంచి వదిలే నీరు చల్లగా, తేటగా దిగువకు పారింది. వేసవిలో వేడెక్కి, బురదతో ఎర్రబారే ఆ నదికి అలవాటుపడిన హంప్‌బ్యాక్ చబ్ అనే స్థానిక చేప అంత చలిలో సంతానాన్ని పెంచుకోలేక, వెచ్చగా ఉండే ఉపనది లిటిల్ కొలరాడోను ప్రధానంగా ఆశ్రయించింది. బయటి నుంచి తెచ్చి వదిలిన ట్రౌట్ అనే చేపకు అదే చల్లని నీరు కలిసివచ్చింది. కంటికి శుభ్రంగా కనిపించే నీరే ఒక చేపకు ఇల్లు కాకుండా పోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు. అక్కడ సిక్లిడ్ అనే చేపల జాతుల పతనానికి, 1950ల్లో వదిలిన నైల్ పెర్చ్ అనే వేటాడే చేపనే ఎక్కువగా నిందిస్తారు. ఆ నింద న్యాయమైనదే కానీ అదొక్కటే కారణం కాదు. ఆ సరస్సులో దగ్గరి బంధుత్వమున్న సిక్లిడ్లలో ఆడచేపలు మగవాటిని రంగు చూసి ఎంచుకుంటాయి. పోషకాలు పెరిగి నీరు మసకబారినప్పుడు రంగుల తేడా తెలియక జాతుల మధ్య హద్దులు చెదిరిపోతాయని పరిశోధకులు చూపారు. ఒక్క చేప కూడా చావకుండానే ఒక జాతి కనుమరుగు కాగలదన్నమాట.

నీటి అడుగు నేల సంగతి, వరద సంగతి విడదీయలేనివి. సాల్మన్, ట్రౌట్ గులకరాళ్లలో గుంట చేసి గుడ్లు పెట్టి కప్పుతాయి. రాళ్ల సందుల్లో సన్నని ఒండ్రు పేరుకుంటే ఆక్సిజన్ అందక గుడ్లు లోపలే చస్తాయి. పైన పారే నీటిని ఎన్నిసార్లు పరీక్షించినా ఈ నష్టం బయటపడదు. ఆ ఒండ్రును కడిగి తీసుకుపోయేది వరదే. కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సు వానకాలంలో మెకాంగ్ నీరు వెనక్కి పారడం వల్ల ఎండాకాలపు విస్తీర్ణానికి కొన్ని రెట్లు పెరిగి, మునిగిన అడవిని చేపపిల్లలకు మేతగానూ దాగుడుచోటుగానూ మారుస్తుంది. మనుషులు విపత్తు అని పిలిచే వరద లేకపోతే అక్కడ అంత చేప సంపద ఉండదు.

కాబట్టి చేపపిల్లలను వదిలే ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఈ నీటిలో వేకువజామున ఆక్సిజన్ ఎంత? గుడ్లు పెట్టే నెలల్లో నీరు ఎంత వెచ్చగా ఉంటుంది? అడుగున రాయి ఉందా, బురద ఉందా? వరద వచ్చినప్పుడు నీరు ఒడ్డు దాటి పరుచుకునే చోటు మిగిలి ఉందా? వీటికి జవాబు లేనిచోట వదిలిన పిల్లలు పెరిగి పెద్దవై వలకు చిక్కినా అక్కడ పిల్లలను పెట్టలేవు, మరుసటి ఏడు మళ్లీ బయటి నుంచే తెచ్చి వదలాల్సి వస్తుంది.