మహారాజశ్రీ క్యూఆర్ కోడు గారికి

మహారాజశ్రీ క్యూఆర్ కోడు గారి సముఖమునకు, కోనసీమలో ఒక రేవు గట్టు నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మా పిన్ని డబ్బులు మాత్రం క్షేమంగా లేవు.

ముందు తమరి గొప్ప ఒప్పుకోవాలి. పిన్ని చేపల బల్లకి వేలాడే తమరి అట్ట మీద పొలుసులు అంటుకుని ఉంటాయి, చేపల నీళ్లు కారుతుంటాయి, ఒక అంచు ఎప్పుడో చిరిగింది. అయినా ఫోన్ చూపిస్తే టక్కున పలుకుతారు. 1994లో జపాన్‌లో కార్ల విడిభాగాల లెక్క కోసం పుట్టినవారు, మురికి తమరికి కొత్తేం కాదు. పైగా 1960లో రీడ్, సాలమన్ అనే ఇద్దరు కనిపెట్టిన లెక్క తమరి కడుపులో ఉంది. అసలు సమాచారంతో పాటు కొన్ని అదనపు అంకెలు కూడా గళ్లలో దాస్తారు. కొంత చెరిగితే, మిగిలినదాన్ని పట్టుకుని పోయినదాన్ని రాబడతారు. గట్టి రకం అచ్చు వేయిస్తే దాదాపు 30 శాతం పాడైనా ఫర్వాలేదట. (మూలల్లోని మూడు చదరాలు పోతే మాత్రం తమరికీ కష్టమే.)

పోయిన శ్రావణంలో గోదారికి ఎర్రనీళ్లొచ్చాయి. పులస సీజను. తెల్లారకముందే ఎవడో వచ్చి తమరి మీద తమరినే ఇంకొకర్ని అంటించి పోయాడు. కొత్త తమరూ అంతే చక్కగా పలికారు, ఒక్క గడి తప్పు లేదు. రోజంతా జనం ఫోన్లు చూపించి "పోయాయి పిన్నీ" అన్నారు. నిజమే, పోయాయి. సాయంత్రం మనవడు మెసేజీలు వెతికితే ఒక్క రూపాయి కనపడలేదు. ఫిర్యాదు ఇచ్చాం. రాసుకున్నారు.

సముద్రపు ఇలసని తెచ్చి పులస అంటే మా పిన్ని చూడగానే తట్ట వెనక్కి తోసేస్తుంది. తమరికి ఆ విద్య రాదు. గళ్లు లెక్కకి సరిపోయాయా అని చూస్తారే గాని, ఆ గళ్లు నింపిన చెయ్యి ఎవరిదని అడగరు. వానకీ మరకకీ ఎదురు నిలిచే లెక్క దొంగకి కూడా అంతే భక్తిగా చాకిరీ చేస్తుంది. ఆధార్ మీద ఉండే తమరి బంధువు నయం, డిజిటల్ సంతకంతో తిరుగుతాడు. లోపల ఒక్క అక్షరం మార్చినా ఆ సంతకం కుదరదు.

ఇప్పుడు పిన్ని దగ్గర డబ్బులు కొట్టేముందు తెర మీద వచ్చిన పేరు పైకి చదవాలి. మొన్న ఒకాయన కళ్లజోడు మర్చిపోయి వచ్చాడు. నేను వెళ్లి చదివిందాకా చేప సంచి వదల్లేదు. రాత్రి అట్టని ఇంటికి పట్టుకెళ్లి బియ్యం డబ్బా మీద పెట్టుకుంటోంది. ఆ పొలుసులు కడుగుతానే అంటే ఒప్పుకోదు. తళతళలాడితే అనుమానం వస్తుందట.

ఇట్లు,
పిన్ని అక్క కొడుకు